వాయుతుపాకి గుండ్ల పరీక్షలు - ఒక విమర్శ

వాయుతుపాకిలో వేయు చిన్న సీసపు గుండుకు, దక్కనీ ఉర్దూ వినవచ్చు కోహీరు వంటి ఊళ్లలో ఛర్రా అని పేరు. నడుము సన్నగా ఉండి, వెనుకభాగము పావడవలె విచ్చుకొని యుండు ఈ గుండు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు. పోటీలలో వాడు రకము బరువు అరగ్రాముకు కొంచె మెక్కువ. ఇంత చిన్న వస్తువును గూర్చి జరుగు పరీక్షలకు మాత్రము లెక్కలేదు. ఒక్కొక్క రకమును ఐదేసిమారులు పేల్చి, వేగమును, కాగితముపై పడిన రంధ్రముల గుంపు వెడల్పును పట్టికగా వ్రాసి, ఇది మొదటిది, ఇది రెండవది అని తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు ఎంతవరకు శాస్త్రసమ్మతము?

ఇది వట్టి కాలక్షేపపు ప్రశ్న కాదు. 2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదు వాసి గగన్ నారంగ్ 10 మీటర్ల పోటీలో 701.1 పాయింట్లతో కాంస్యపతకము పొందెను. రజతము పొందిన ఇటలీ క్రీడాకారునికి వచ్చినవి 701.5. ఆ లక్ష్యముపై 0.1 పాయింటు అనగా 0.25 మిల్లీమీటరు, పతకపు రంగు మారుటకు కావలసిన 0.4 పాయింటు ఒక్క మిల్లీమీటరు దూరమునకు సమానము. అట్టి చోట గుండు ఎంపిక తేలికగా తీసికొన దగినది కాదు.

పట్టికలలో మొదట కంటబడునది వేగము. తుపాకి పెట్టెలపై పెద్ద అక్షరములతో అచ్చు వేయునదియు అదే. తేలిక గుండు వేగముగా పోవుటలో వింత యేమున్నది? ఉదాహరణకు 0.45 గ్రాముల గుండు సెకనుకు 200 మీటర్ల వేగముతో వెలువడినచో దాని గతిజశక్తి 9.0 జౌళ్లు, 0.68 గ్రాముల గుండు 160 మీటర్ల వేగముతో వెలువడినచో 8.7 జౌళ్లు. వేగములో నాలుగవవంతు తేడా, శక్తిలో నామమాత్రపు తేడా. పైగా గాలి నిరోధము తేలిక గుండును త్వరగా మందగింపజేయును. మన దేశములో 2016 నాటి ఆయుధ నియమావళి కూడ లైసెన్సు విషయమున చూచునవి 20 జౌళ్ల శక్తి, 4.5 మిల్లీమీటర్ల గొట్టము, వేగమును కాదు.

పరీక్ష జరిగిన వేళను పట్టికలు సాధారణముగా చెప్పవు. శీతకాలమున తెలంగాణములో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదగు చోట్లలో కోహీరు ఒకటి. కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేయు తుపాకిని అచ్చట తెల్లవారుజామున 5 డిగ్రీల చలిలో పేల్చినచో, బుడ్డిలోని పీడనము సుమారు 40 వాతావరణములు. 30 డిగ్రీల ఎండపూట అదే 70 దాటును. ఉదయము ఒక గుండును, మధ్యాహ్నము మరొక గుండును పేల్చి పోల్చినవారు గుండ్లను గాక ఉష్ణోగ్రతలను పోల్చిన వారగుదురు.

ఈ పరీక్షలలో అన్నిటికన్న పెద్ద లోపము గుంపు కొలతలో నున్నది. ఐదు రంధ్రములలో మిక్కిలి దూరముననున్న రెండింటి మధ్య దూరమును మాత్రమే కొలుచుదురు. తక్కిన మూడు పేల్చిన శ్రమ వృథా. అదే తుపాకి, అదే గుండు, అదే చేయి అయినను ఐదేసి రంధ్రముల గుంపులు ఒకదానికొకటి నాలుగవవంతు హెచ్చుతగ్గులగుట మామూలే. కాబట్టి ఒక రకము 12, మరొకటి 15 మిల్లీమీటర్ల గుంపు వేసినదని మొదటి దానికి కిరీటము పెట్టుట తొందరపాటు. పది గుండ్ల గుంపు ఐదింటి గుంపుకన్న సగటున దాదాపు నాలుగవవంతు పెద్దదగునను సంగతిని గూడ మరచి, రెండింటిని ఒకే వరుసలో వ్రాయువారు కలరు. గుంపు కేంద్రమునుండి ప్రతి రంధ్రము దూరమును కొలిచి సగటు తీసినచో ప్రతి గుండును సాక్ష్యము చెప్పును. ఇది పదవ తరగతి లెక్కయే.

గుండ్లను తూచి వేరుచేయుట మరియొక ఆచారము. దీనిని పూర్తిగా కొట్టివేయ నక్కరలేదు; లెక్క చూచిన చాలును. సెకనుకు 170 మీటర్ల వేగముతో పోవు గుండు 10 మీటర్లు దాటులోపల 17 మిల్లీమీటర్లు క్రిందికి దిగును. శక్తి మారక, బరువు నూటికి ఒకటి పెరిగినచో ఆ దిగుదలలో వచ్చు మార్పు 0.17 మిల్లీమీటరు మాత్రమే. 40 మీటర్లకు అదియే 2.7 మిల్లీమీటర్లు దాటును. అనగా పది మీటర్ల పోటీకి త్రాసుముందు గంటలు గడపుటవలన ఫలము స్వల్పము. దూరపు గురికి కొంత కలదు. బల్లపరుపు తల గల గుండు కాగితమున గుండ్రని రంధ్రము చేయునని దగ్గరి పోటీలలో మెప్పు పొందినను, దూరమున గుండ్రని తల దానినే మేలు. ఒక దూరపు పట్టికను చూపి మరొక దూరమునకు తీర్పు చెప్పరాదు.

బడులలో తుపాకి లేకయే ఒక పరీక్ష చేయవచ్చును. కొంచెము వాల్చిన గాజుపలకపై గుండ్లను ఒక్కొక్కటిగా దొర్లించినచో, తల, పావడల వ్యాసములు వేరగుటచే అవి వంపుదారిన పోవును. దారి తప్పిన గుండు కొలతలో తేడా గలది. సీసము విషము గనుక పిమ్మట చేతులు కడుగుకొనవలెను. అయితే ఏ గొట్టమునకు ఏ గుండు నప్పునో గాజుపలక చెప్పజాలదు. ఒకే రకపు రెండు తుపాకులు వేర్వేరు గుండ్లతో బాగుగా గురి కొట్టుట కలదు. కనుకనే పోటీ క్రీడాకారులు తమ తుపాకిని బిగించి, ఒకే పేరు గల గుండ్లనైనను తయారీ విడతవారీగా పేల్చి చూచి, నప్పిన విడతను ఒక్కసారిగా కొని పెట్టుకొందురు.