చెక్కభజన: పిడికిట్లో తాళం
నల్లమాడ, పెనుకొండ ప్రాంతపు పల్లెల్లో చెక్కభజన జట్టు బలమంతా చేతి పట్టులోనే ఉంటుంది. బొటనవేలికి ఒక చెక్క, మిగతా వేళ్లకు మరో చెక్క. పిడికిలి మూసి తెరిస్తే చెక్కల దెబ్బతో పాటు వాటిలోని లోహపు బిళ్లలు ఘల్లుమంటాయి. నడుమ నిలిచిన గురువు చరణం ఎత్తుకుంటే, కాళ్లకు గజ్జెలు కట్టి చుట్టూ వలయంగా తిరిగేవారు దాన్ని అందుకుంటారు. నిదానంగా మొదలైన తాళం అడుగు మారేకొద్దీ ఉరకలెత్తుతుంది. పాట ఎంతసేపు సాగాలో, వడి ఎక్కడ పెరగాలో గురువు అప్పటికప్పుడు తేలుస్తాడు. అందుకే అదే పాట ఏ రెండు రాత్రులూ ఒకేలా పలకదు. శ్రీరామనవమికి రామాలయం ముందు, సేద్యం చేసిన చేతులే జట్టు చెక్కలన్నిటినీ ఒకే దెబ్బగా మోగిస్తాయి. ఊరినంతటినీ ఒక్క లయలో నిలబెట్టే గొప్ప విద్య ఇది.