బ్లూ టిక్ లేని మేఘం

దూరంగా ఉన్న మనిషికి కబురు పంపడం గురించి మనం మళ్ళీ మళ్ళీ చదువుకునే పాత కథలు రెండున్నాయి. ఒకటి శ్రీనాథుడి ‘శృంగార నైషధం’లోని హంస. అది దమయంతికి నలుడి గురించి చెప్పి, ఆమె మనసు తెలుసుకుని, ఆ మాట మళ్ళీ నలుడికి చేరేస్తుంది. రెండోది కాళిదాసు మేఘం. యక్షుడు రామగిరి నుంచి అలకాపురికి కబురు పంపుతాడు. అది చేరిందో లేదో, ఆమె విన్నదో లేదో కాళిదాసు చెప్పడు.

నెట్‌వర్కింగ్ పాఠాలు చదివినవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది: హంస టీసీపీ, మేఘం యూడీపీ. మొదటిదాంట్లో అందినట్టు రసీదు వస్తుంది. రెండోదాంట్లో పంపడం వరకే మన పని. సరదా పోలికే గానీ, మన కథల్లో దూరం ఏమైపోయిందో దీంతో కొంత అర్థమవుతుంది.

మేఘసందేశంలో అసలు కబురు చిన్నది. పూర్వమేఘం దాదాపు అంతా దారి వర్ణనే: విదిశ, ఉజ్జయిని, నదులు, కొండలు. జవాబు వచ్చే వీలుంటే యక్షుడు ఇంతసేపు మాట్లాడేవాడా? “ఎక్కడిదాకా వచ్చావ్?” అని అడిగి ఊరుకునేవాడు. జవాబు రాదన్న దిగులే ఆ కావ్యాన్ని నడిపించింది.

ఉత్తరం కూడా అంతే. రాసేవాళ్ళని మధ్యలో ఎవరూ ఆపరు. చలం ‘ప్రేమలేఖలు’ని వాట్సాప్ చాట్‌గా ఊహించుకోండి. రెండో వాక్యం పూర్తయ్యేలోపే అవతల్నుంచి “తిన్నావా?” అని వస్తుంది. ఇక ఆ మూడ్ ఎక్కడుంటుంది?

మౌనం కూడా మారింది. ఉత్తరానికి జవాబు రాకపోతే పోస్ట్‌మాన్ మీదకో వానల మీదకో తోసేసి ఇంకో వారం ఆశపడొచ్చు. 2014 నవంబరులో వాట్సాప్ బ్లూ టిక్ తెచ్చాక ఆ సాకు కరువైంది. ‘అందిందా?’ అన్న ప్రశ్న పోయి, ‘చూసి కూడా ఎందుకు మాట్లాడలేదు?’ అన్న ప్రశ్న వచ్చింది. ఒక కథకి ఇంతకంటే ఏం కావాలి?

కానీ నేను చదువుతున్న కథల్లో చాలావాటిలో ఫోన్ ఇంకా ట్రంక్ కాల్ లాగే మోగుతోంది. మోగుతుంది, చావు కబురు వస్తుంది, కథ మలుపు తిరుగుతుంది. లేదా అమెరికాలో కొడుకు, ఊళ్ళో అమ్మానాన్న, వీడియో కాల్‌లో కన్నీళ్ళు. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది గానీ, మన కథల్లో పేరు మార్చుకుని నడుస్తూనే ఉంది. పరికరం మారింది సరే, దాన్ని పట్టుకున్న మనిషిలో ఏం మారిందో ఆ కథలు అడగవు.

అడగడానికి చాలా ఉంది. టైప్ చేసి చెరిపేసిన వాక్యం, ‘లాస్ట్ సీన్’ దాచుకోవడం, ఫ్యామిలీ గ్రూపులో ఎవరూ పలకని ఒక ఫొటో. అన్నిటికంటే నన్ను ఆకర్షించేది వాయిస్ మెసేజ్. టైపింగ్ అలవాటు లేని అమ్మ నాలుగు నిమిషాలు మాట్లాడి పంపుతుంది. మధ్యలో ఎవరూ ఆపరు. ఉత్తరం మళ్ళీ గొంతుతో తిరిగొచ్చినట్టే. 2021 నుంచి దాన్ని ఒకటిన్నర, రెండు రెట్ల వేగంతో వినే వీలుంది. ఆఫీసు మెట్లు దిగుతూ కన్నతల్లి గొంతుని 2ఎక్స్‌లో వినేసి “ఓకే మా” అని కొట్టే మనిషి కథ ఎవరైనా రాశారా? నాకైతే ఇంతవరకు కనపడలేదు. ఆ నాలుగు నిమిషాల్లో ఆవిడ అసలు ఏం చెప్పిందో రాసే రచయిత కోసం చూస్తున్నాను.