వైపర్ కింద చీటీ

పోయిన ఆదివారం తిరువూరులో, మధిర రోడ్డు పక్కన చెట్టునీడ చూసి నిలిపిన ఒక వెండిరంగు కారు వైపర్ కింద ఎరువుల కొట్టు బిల్లు ఒకటి మడిచి పెట్టి ఉంది. బిల్లు వెనక నీలం ఇంకుతో నాలుగు ముక్కలు: ‘‘సార్, నా ఆటో తగిలింది. తప్పు నాదే. ఫోన్ చెయ్యండి.’’ కింద నంబరు. కారు ఈ కాలమిస్టుది. ఎడమపక్క వెనక తలుపు మీద జానెడు సొట్ట, సొట్ట అంచున ఆటో బంపర్ ఒరుసుకుపోయిన నల్లటి చార.

సొట్ట చూసి రావలసిన కోపం ఆ చీటీ చదివాక రాలేదు. ఎవరూ చూడని చోట, పారిపోయే వీలుండీ, ఒక మనిషి ఆటో ఆపి, కాగితం వెతుక్కుని, తన నంబరు రాసిపెట్టాడు. ఈ వారానికి అంతకన్నా మంచి వార్త ఏ పేజీలోనూ కనబడలేదు.

నిలిపిన బండిని ఎవరో గుద్ది వెళ్ళిపోవడం ఈ ఊరికి కొత్త కాదు. విజయవాడ–జగదల్‌పూర్ జాతీయ రహదారి మీద ఊరు. మిర్చి బస్తాల లారీలు, మామిడి రోజుల్లో తోటల నుంచి వరసకట్టే ట్రాక్టర్లు, షేర్ ఆటోలు, సరిహద్దు అవతల సత్తుపల్లి, కల్లూరు వైపు నుంచి పనుల మీద వచ్చిపోయే బండ్లు అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. యజమాని వచ్చి చూసేసరికి సొట్ట ఉంటుంది, కొట్టినవాడు ఉండడు. టీ కొట్టు దగ్గర అడిగితే ‘‘ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నామండీ, చూళ్ళేదు’’ అంటారు. అంతటితో సరి.

ఈ శీర్షికకు కొన్ని పట్టుదలలున్న సంగతి పాఠకులకు తెలుసు. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా దిగిపోయేవాళ్ళ గురించి, దుకాణం ముందున్న ప్రభుత్వ రోడ్డు మీద రాళ్ళు పేర్చి ‘నో పార్కింగ్’ రాసుకునేవాళ్ళ గురించి ఇక్కడ రాస్తూనే ఉన్నాం. మూడో పట్టుదల రాజీ. చిన్న సొట్టకు స్టేషనూ కోర్టూ బీమా ఆఫీసూ ఎక్కడం దేనికి, ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకుంటే తెగిపోయేదానికి? చీటీ చూడగానే మనసు అటే పోయింది.

లెక్క కూడా అటే మొగ్గుతుంది. సొంత డ్యామేజీ కవరున్న పాలసీ మీద ఏడాదంతా క్లెయిమ్ పెట్టకపోతే మరుసటేడు ఆ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. అలా క్లెయిమ్ లేకుండా గడిచేకొద్దీ తగ్గింపు 25, 35, 45 మీదుగా 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిమ్ పెడితే మళ్ళీ సున్నా. పదివేల ప్రీమియం మీద 50 శాతం తగ్గింపు పొందుతున్న మనిషి నాలుగున్నర వేల సొట్టకు క్లెయిమ్ పెడితే, వచ్చే ఏడాది ఒక్కదానికే అయిదు వేలు చేతినుంచి పోతుంది. పోనీ ఆ నాలుగున్నర వేలైనా పూర్తిగా వస్తాయా అంటే రావు. 1500 సీసీ లోపు కారుకు మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోతే పెయింటు సామాను ఖరీదులో సగం తరుగు కింద కోస్తారు. విరిగింది ప్లాస్టిక్ బంపరైతే దాని ధరలోనూ సగమే ఇస్తారు.

అందుకని కారు నేరుగా టింకరింగ్ షెడ్డుకు వెళ్ళింది.

మేస్త్రీ ముందు సుత్తి పట్టలేదు. సొట్ట మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, అంచు ఎక్కడ మొదలైందో వేళ్ళతో తడుముకున్నాడు. తలుపు లోపలి ప్లాస్టిక్ పలక విప్పించాడు. లోపలినుంచి ఇనుప దిమ్మ ఆనించి, బయటినుంచి చెక్క సుత్తితో అంచుల దగ్గర మొదలుపెట్టి నడిమికి చిన్న చిన్న దెబ్బలు వేశాడు. నడిమధ్యన ఒక్క దెబ్బ గట్టిగా పడితే రేకు సాగిపోతుందట, సాగిన రేకును మళ్ళీ బిగించడం మహా కష్టమట. ఆ తరవాత పల్చగా పుట్టీ, నీళ్ళ కాగితంతో అరగదీత, ప్రైమరు, రంగు, పైన క్లియర్ కోటు. వెండిరంగుతో ఇంకో చిక్కుంది. రంగులోని లోహపు రజను ఎటు తిరిగి ఆరితే వెలుగు అటు మారుతుంది. ఆ తేడా తెలియకుండా పక్క పలక అంచు దాకా రంగును పల్చబరుస్తూ తీసుకుపోవాలి. మొత్తానికి నాలుగున్నర వేలు చెప్పాడు. చేసిన పని చూస్తే ఎక్కువనిపించలేదు.

‘‘ఇదొక సొట్టా సార్! బుడమేరు పొంగినప్పుడు ఆటోనగర్‌లో పనిచేశాను. అప్పుడు చూశాను కార్లంటే’’ అన్నాడు మేస్త్రీ.

ఆ మాటతో చీటీ సంగతి వెనకబడింది. బుడమేరు మనకు దూరపు ఏరేమీ కాదు, మైలవరం వైపు కొండల నీళ్ళే దిగి దిగి విజయవాడ మీదికి వెళ్తాయి. 2024 ఆగస్టు 31న పట్టిన వాన వదల్లేదు. సెప్టెంబరు 1 తెల్లారేసరికి బుడమేరు మళ్ళింపు కాలువ గట్లకు గండ్లు పడి, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట చుట్టుపక్కల కాలనీలన్నీ నీళ్ళలో ఉన్నాయి. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. నది అంత నిండుగా ఉంటే కాలువ నీళ్ళు దానిలో కలిసే దారేది? ఇళ్ళముందూ సెల్లార్లలోనూ నిలిపిన కార్లు రోజుల తరబడి ఆ నీళ్ళలోనే నానాయి.

‘‘బండి ఇంటిముందే ఉంటుంది, ఎక్కడికీ తీయం, దానికి ఫుల్ ఇన్సూరెన్స్ దేనికి’’ అనే మాట తిరువూరులోనూ రోజూ వినబడేదే. పాత కారుకు థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకుంటారు. ఆ సెప్టెంబరులో మునిగినవి సరిగ్గా ఇంటిముందున్న బండ్లే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో చెట్లు కూల్చింది నిలిపిన కార్ల మీదే. 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో కొట్టుకుపోయినవీ నిలిపినవే. వరద, తుపాను, కొండచరియ సొంత డ్యామేజీ కవరులోకి వస్తాయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాడి కారుకు దానినుంచి పైసా రాదు.

కవరు ఉండీ నష్టపోయినవాళ్ళ గురించే మేస్త్రీ ఎక్కువ బాధపడ్డాడు. నీళ్ళు తీయగానే కారు ఆరిందనుకుని తాళం తిప్పినవాళ్ళు. గాలి పీల్చే గొట్టం గుండా నీళ్ళు సిలిండర్లోకి చేరి ఉంటాయి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. స్టార్టర్ తిప్పగానే పిస్టన్ ఆ నీటికి గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరదలో తడిసిన సీట్లకూ వైరింగుకూ బీమా వర్తిస్తుంది. తాళం తిప్పినందువల్ల పోయిన ఇంజనుకు మాత్రం, విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోకపోతే, ‘ఇవ్వం’ అంటారు. మునిగిన బండిని ముట్టుకోకుండా, ఎంతవరకు నీరొచ్చిందో మరక కనబడేలా ఫొటోలు తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, లాగుడు బండి మీద షెడ్డుకు చేర్చాలి. బాగుచేసే ఖర్చు పాలసీ మీద రాసిన విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టం కింద లెక్కకడతారు. ఇది తెలిసినవాడు మునిగిన కారు పక్కన రెండురోజులు ఓపికపడతాడు.

ప్రభుత్వం ఆ వరదకు ద్విచక్ర వాహనానికి 3 వేలు, ఆటోకు 10 వేలు సాయం ప్రకటించింది. దాంతోపాటు విజయవాడ సబ్‌కలెక్టర్ కార్యాలయంలో బీమా క్లెయిముల కోసం ఒక కేంద్రం పెట్టి, కంపెనీల మనుషులను ఒకచోట కూర్చోబెట్టింది. గుర్తుపెట్టుకోవలసింది ఈ రెండోది. గట్టిగా చెప్పేవాళ్ళుంటే బీమా కంపెనీ కార్యాలయం దాటి జనం దగ్గరికి వస్తుందని అప్పుడు రుజువైంది.

ఆటో డ్రైవరు సాయంత్రం షెడ్డుకు వచ్చాడు. ముప్పై ఏళ్ళ లోపు కుర్రాడు. జేబులోంచి రెండు వేలు తీసి మేస్త్రీ బల్ల మీద పెట్టి, ‘‘మిగతాది మామిడికాయ కోతలప్పుడు ఇచ్చేస్తానండీ. రోజూ ఈ రోడ్డు మీదే ఉంటాను’’ అన్నాడు.

‘‘ఆటోకి ఇన్సూరెన్స్ ఉందా అబ్బాయ్?’’

‘‘ఎందుకుండదు సార్, లేకపోతే పోలీసులు ఊరుకుంటారా?’’ అంటూ సీటు కింది పెట్టెలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితాలు తీశాడు. థర్డ్ పార్టీ పాలసీ. చిన్న అక్షరాల్లో ఒక వరస: ఎదుటివారి ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల వరకు.

ఇక్కడే ఈ శీర్షిక ఇన్నాళ్ళ రాజీ వాదనకు బీట పడింది. ఈ తలుపు సొట్ట ఎదుటివారి ఆస్తి నష్టమే. ఇలాంటి నష్టం తన జేబుమీద పడకూడదనే ఆ అబ్బాయి చేత చట్టం ఏటా ప్రీమియం కట్టిస్తోంది. అతను కట్టాడు. కంపెనీ తీసుకుంది. తీరా సొట్ట పడ్డాక, అతను మామిడి కోతల కూలి మీద అప్పు రాసుకుంటున్నాడు. మనం దాన్ని మంచి రాజీ అని మెచ్చుకుంటున్నాం. ఇద్దరు మనుషులు మర్యాదగా తెంచుకున్న ప్రతి రాజీలోనూ ప్రీమియం తీసుకున్న మూడోవాడు ఏమీ ఇవ్వకుండా తప్పుకుంటున్నాడు.

మరి క్లెయిమ్ పెట్టొచ్చుగా? మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం ఎదుటివారి ఆస్తి దెబ్బతిన్నా డ్రైవరు 24 గంటల్లోగా స్టేషన్లో చెప్పాలి, తన బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. చెప్పకపోవడం 187 కింద నేరం, 2019 సవరణ తరవాత ఆరు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. చీటీ రాసిన అబ్బాయి మనిషిగా చేయవలసినది చేశాడు, చట్టం అడిగేది ఇంకా ఉందని అతనికి చెప్పినవాళ్ళు లేరు. ఇక కారు యజమాని స్టేషన్ కాగితంతో మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి, అదీ ఆరు నెలల గడువులోపు. ట్రిబ్యునల్ అంటే జిల్లా జడ్జి హోదా మనిషి ముందు. కంపెనీయే ఒక అధికారిని పెట్టి రాజీ ప్రతిపాదన ఇవ్వాలని 149వ సెక్షన్ అంటోంది గానీ, ఆ రాజీ కూడా ట్రిబ్యునల్ ముందు నమోదు కావలసిందే. నాలుగున్నర వేల కోసం వకీలునెవరు పెడతారు?

అదే కారు యజమాని తన సొంత కంపెనీకి 50 వేల లోపు క్లెయిమ్ పెట్టుకుంటే లైసెన్సున్న సర్వేయరు కూడా తప్పనిసరి కాదు. నష్టం ఒకటే, తలుపు ఒకటే. నష్టపోయినవాడి పాలసీకైతే ఫొటోలు చాలు, నష్టం చేసినవాడి పాలసీకైతే జడ్జి కావాలి. ఈ తేడాకు నిలబడే కారణం ఒక్కటీ కనబడదు.

మేస్త్రీ డబ్బు కారు యజమానే ఇచ్చాడు, ఆ రెండు వేలు ఆటో కుర్రాడి చేతికే తిరిగి వెళ్ళాయి. దీన్ని ఉదారత అనుకోవద్దు. ఒకసారి ప్రీమియం కట్టినవాడి దగ్గర అదే నష్టానికి రెండోసారి డబ్బు తీసుకోవడం న్యాయం కాదు.

అడగవలసినవాళ్ళు హైదరాబాద్‌లోనే ఉన్నారు, బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ కార్యాలయం అక్కడే. మనుషులకు దెబ్బలు తగలని ప్రమాదంలో, డ్రైవరు తప్పు ఒప్పుకుని రాసిచ్చినచోట, 50 వేల లోపు ఆస్తి నష్టాన్ని అతని బీమా కంపెనీయే ఫొటోలూ మేస్త్రీ బిల్లూ చూసి నేరుగా చెల్లించాలి. చట్టంలో మార్పు కావాలంటే ఆ మార్పు పార్లమెంటును అడగవలసింది కూడా వాళ్ళే.

అందాకా పాఠకులకు ఒక మాట. ఇవాళ మీ పాలసీ కాగితం తీసి ఎదుటివారి ఆస్తి నష్టం వరస చూడండి. ప్రీమియం కాస్త తగ్గుతుందని ఏజెంటు దాన్ని 6 వేలకు కుదించి ఉంటే, రెన్యువల్‌లో ఏడున్నర లక్షలకు పెంచమనండి. నిలిపిన బండికి మీ బండి తగిలితే చీటీ రాసి పెట్టండి, ఆ రోజే స్టేషన్లో చెప్పండి, మీ బీమా కంపెనీకి రాతపూర్వకంగా పంపి దాని నకలు దగ్గరుంచుకోండి.