పగటి మగతకు ఏ పరిమళం?

జాక్ గెర్లాన్ 1912లో పారిస్‌లో చేసిన ‘లర్ బ్లూ’నూ, కనౌజ్ బట్టీల్లో తరతరాలుగా దించుతున్న మిట్టీ అత్తరునూ ఒకే త్రాసులో పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. మొదటిది పేరుమోసిన ఇంటినుంచి వచ్చింది, రెండోదాని కర్త ఎవరో ఎవరికీ తెలియదు. మొదటిది స్పిరిట్‌లో కరిగి గాల్లోకి లేస్తుంది, రెండోది నూనెలో ఒదిగి ఒంటిని అంటిపెట్టుకుంటుంది. అయినా రెండూ మనల్ని తీసుకుపోయేది ఒకే చోటికని నా నమ్మకం. మెలకువ చెయ్యి వదిలేసి, నిద్ర ఇంకా చెయ్యి అందుకోని ఆ మగతలోకి. ఏది దానికి నిజంగా దగ్గరిదో తేల్చుకోవడానికి నేను గోదావరిఖనిని గీటురాయిగా పెట్టుకున్నాను. మగత సంగతి ఇంతగా తెలిసిన ఊళ్ళు తెలుగునాట తక్కువ.

గోదావరిఖని ఉన్న సింగరేణి బొగ్గుగనుల బెల్టులో నిద్రవేళను సూర్యుడు నిర్ణయించడు, మస్టరు నిర్ణయిస్తుంది. రాత్రి షిఫ్టు చేసినవాడు పైకొచ్చి, క్యాప్‌ల్యాంపు అప్పజెప్పి, ఊరంతా పనులకు బయల్దేరే వేళకు యైటింక్లయిన్ కాలనీలో క్వార్టర్ తలుపు మూసుకుని పడుకుంటాడు. కిటికీకి దుప్పటి కడతారు. ‘‘మీ నాయిన నైట్ షిఫ్ట్ జేసొచ్చిండు, సప్పుడు జెయ్యకుండ్రి’’ అని తల్లి పిల్లల్ని అదిలిస్తుంది. బయట కూరగాయల బండి కేక, పక్కింటి కుక్కర్ కూత, మధ్యాహ్నమైతే ఓపెన్‌కాస్టు బ్లాస్టింగ్‌కు అల్మారాలో గిన్నెల గలగల. ఎండాకాలం ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ గదిలో పడుకున్నవాడికి నిండు నిద్ర దక్కదు, నిద్ర అంచు దక్కుతుంది. ఏళ్ళకేళ్ళు ఆ అంచు మీదే బతికినవాళ్ళు ఈ కాలనీల్లో ఇంటికొకరున్నారు.

బొగ్గుబాయి లోపల సంగతి వేరు. అక్కడ మగత శత్రువు. గాలి సరిగా ఆడని చోట ఆక్సిజన్ తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరిగితే ముందు తల బరువెక్కుతుంది, ఒళ్ళు తూలుతుంది, కూర్చుంటే కన్ను మూతపడుతుంది. అది అలసట అనుకున్నవాడు లేవకపోవచ్చు. మీథేన్‌కు వాసన లేదు, కార్బన్ మోనాక్సైడ్‌కు అసలే లేదు. కాని బొగ్గు తీసేసిన గోఫ్‌లో మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కడం మొదలుపెడితే మాత్రం ఒక వాసన వస్తుంది. కొంచెం తియ్యగా, కిరోసిన్‌లాగానో తారులాగానో ఉంటుందని అనుభవజ్ఞులు చెబుతారు. పొగ కనబడకముందే ఆ వాసన పసిగట్టడం భూగర్భ గనుల్లో పాత విద్య. పరిమళం గురించి రాసేవాళ్ళు ముక్కును విలాసానికి సంబంధించిన అవయవంగా చూస్తారు. ఇక్కడ అది ప్రాణం కాపాడిన అవయవం. ఈ మాట మనసులో పెట్టుకుని రెండు సీసాల మూతలు తీయాలి.

ముక్కుకూ మగతకూ ఉన్న సంబంధం మీద నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది. 2004లో మేరీ కార్స్‌కాడన్, రేచల్ హెర్జ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు నిద్రపోతున్నవాళ్ళకు రెండు వాసనలు చూపించారు. ఒకటి పుదీనా జాతి పెప్పర్‌మింట్, రెండోది పిరిడిన్. పిరిడిన్ ముక్కు పగిలే కంపు, మొదట తారు వంటి దిగుబడుల నుంచి తీసిన పదార్థం. నిద్ర తొలి మెట్టు మీద ఉన్నవాళ్ళు ఆ వాసనలకు స్పందించారు. గాఢనిద్రలోకి దిగాక ఆ కంపు కూడా వాళ్ళను సరిగా లేపలేకపోయింది. చప్పుడు మాత్రం లేపింది. అంటే మనిషికి వాసన బాగా అందే చివరి మజిలీ మగతే. ఆ తర్వాత ముక్కు దాదాపుగా తలుపు మూసేస్తుంది. నిద్రను పరిమళంగా చేస్తామనే మాట అందుకే కుదరదు, గాఢనిద్రకు వాసన సరిగా అందదు. మగతను మాత్రం చేయవచ్చు.

లర్ బ్లూ సరిగ్గా అదే చేయబోయింది. సూర్యుడు పోయి చుక్కలు ఇంకా రాని నీలి వేళ దాని పేరులోనే ఉంది. మణికట్టు మీద చల్లగానే సోంపు, నారింజ జాతి తొక్కల చురుకు. ఆ వెనకే లవంగపు ఘాటున్న కార్నేషన్. కాసేపు గడిచాక అంచులు చెదరడం మొదలవుతుంది. ఐరిస్ దుంప నుంచి వచ్చే పౌడరు వాసన, హెలియోట్రోప్ అనే పూవు బాదంపాల వాసన ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఏది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పలేం. చివరికి వనిల్లా, సాంబ్రాణికి చుట్టమైన బెంజోయిన్ మిగులుతాయి. ఈ జారుడే గెర్లాన్ ప్రతిభ. స్పష్టమైన వాసనలతో మొదలుపెట్టి, మనం చూస్తుండగానే వాటి పేర్లు మనం మరిచిపోయేలా చేస్తాడు. కన్ను మూతపడేటప్పుడు ఆలోచనలు ఇలాగే చెదిరిపోతాయి. కూలి లెక్క వేసుకుంటూ పడుకున్నవాడి అంకెలు మెల్లగా ముఖాలైపోతాయి, ముఖాలు చెట్లైపోతాయి. పరిమళానికి నడక ఉండాలనే వాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

కాని దీన్ని గోదావరిఖని మే నెలలో పూసుకుని చూడండి. ఆ నడక పరుగవుతుంది. సోంపు నిమిషంలో ఎగిరిపోతుంది, వనిల్లా ముందుకు తోసుకొస్తుంది, చెమటతో కలిసి తీపి గొంతుకు అడ్డం పడుతుంది. తప్పు గెర్లాన్‌ది కాదు. ఆయన చల్లని సాయంత్రాల కోసం, ఉన్ని కోటు మడతల కోసం చేశాడు. అంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటుంది. లర్ బ్లూలోని మగతకు తీరిక కావాలి. సాయంత్రం పని లేని మనిషి, కిటికీ పక్కన కూర్చుని, చీకటి పడటాన్ని చూస్తూ తనంతట తాను ఇష్టపడి జారుకునే మగత అది. చీకటి అక్కడ స్నేహితుడు. పదకొండు గంటలకు షిఫ్టు ఎక్కబోయేవాడికి అదే సాయంత్రం వేళ సద్దిగిన్నె సర్దుకునే వేళ. ఆ వేళకు మగత వస్తే వాడు చన్నీళ్ళు ముఖాన చల్లుకుంటాడు.

మిట్టీ అత్తరు పుట్టుకే వేరు. చెరువు అడుగు మట్టినో పై పొర మట్టినో తడిపి బిళ్ళలుగా చేసి కాలుస్తారు. కాల్చిన ఆ బిళ్ళల్ని డేగు అనే రాగి పాత్రలో నీళ్ళతో వేసి, మూత అంచును మట్టితో మెత్తి, కింద కట్టెలూ పిడకలూ పెట్టి ఉడికిస్తారు. వెదురు గొట్టం గుండా ఆవిరి పోయి నీటితొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలోకి చేరుతుంది. అందులో ముందే పోసి ఉంచిన గంధం నూనె ఆ ఆవిరిలోని వాసనను పీల్చుకుంటుంది. నీరు తీసేసి మళ్ళీ కొత్త బిళ్ళలు, మళ్ళీ బట్టీ. నూనె నిండేదాకా ఇదే పని. 1964లో ఆస్ట్రేలియాలో ఇజబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు తొలకరి వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టినప్పుడు, ఉత్తరప్రదేశ్‌లో ఈ వాసనను గంధం నూనెలోకి దించి అమ్ముతున్నారని రాసుకున్నారు. శాస్త్రం పేరు పెట్టేనాటికి బట్టీ వాళ్ళ దగ్గర సరుకు తయారుగా ఉంది. ఆ గౌరవం వాళ్ళకు దక్కాలి.

ఒక్క చుక్క మణికట్టు మీద పెట్టుకుంటే మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఎండిన కుండలో నీళ్ళు పోసినప్పటి వాసన. దాని కింద నిప్పు ఉంది, పొడి సెగ ఉంది. అదే సమయంలో తడి కూడా ఉంది. కాలడమూ తడవడమూ ఒకే ఊపిరిలో అందుతాయి, ఒకదాని తర్వాత ఒకటి కాదు. నన్ను పట్టేసింది ఈ గుణమే. దుప్పటి కట్టిన కిటికీ వెనక, బయట ఎండ కొలిమిలా ఉండగా, తడి టవల్ కప్పుకుని పడుకున్న మనిషి ఒంటికి తెలిసేది ఇదే. సగం ఒళ్ళు ఎండలో, సగం నీడలో. లర్ బ్లూలో మగతకు మొదలూ నడుమా చివరా ఉన్నాయి. మిట్టీలో అవి లేవు. పగటి మగతలోనూ లేవు. అది మొదలైందని తెలిసేలోపే ఎవరో తలుపు కొడతారు.

ఈ మట్టి వాసన బొగ్గుబాయి మనిషికి ఇంకో దారిన కూడా తెలుసు. బొగ్గు తీసేసిన ఖాళీలను నింపడానికి గోదావరి ఇసుకను నీళ్ళతో కలిపి గొట్టాల గుండా లోపలికి పంపేవాళ్ళు. శాండ్ స్టోయింగ్ అంటారు. వందల అడుగుల లోతులో, దీపం వెలుగు దాటితే ఏమీ కనబడని చోట, ముక్కుకు తగిలే తడి ఇసుక వాసన ఏటి ఒడ్డుది. కళ్ళముందు చీకటి గోడ, ముక్కులో నది. కలకు ఇంతకంటే దగ్గరి అనుభవం మేల్కొన్న మనిషికి ఎక్కడ దొరుకుతుంది? పారిస్ సీసాలో ఈ లోతు లేదు, ఉండాలని అడగడమూ న్యాయం కాదు. కనౌజ్ సీసాలో అది అనుకోకుండా ఉంది.

‘హిప్నోటిక్ పాయిజన్’ (1998), ‘హిప్నోజ్’ (2005) వంటి పేర్లతో నిద్రనూ మైకాన్నీ అమ్మే పరిమళాల ఊసు ఇక్కడ క్లుప్తంగానే చాలు. వాటి గురి ఎదుటివాళ్ళను మైమరపించడం. పూసుకున్నవాడు జారడు, ఎదుటివాడు జారాలి. మంచి పరిమళాలే కావచ్చు, ఈ విషయానికి సంబంధించినవి కావు.

ఇప్పుడు బొగ్గు సంగతి. పరిమళాల చరిత్రలో బొగ్గుకు పెద్దపీట ఉంది, మన బెల్టులో ఆ మాట ఎవరూ చెప్పుకోరు. విలియం హెన్రీ పెర్కిన్ పద్దెనిమిదేళ్ళ వయసులో, 1856లో, బొగ్గు తారు దిగుబడుల నుంచి ఊదారంగు తీశాడు. అదే పెర్కిన్ 1868లో కూమరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాడు. కొత్తగా కోసిన గడ్డి ఎండుతున్నప్పుడు వచ్చే తియ్యని వాసన అది. తారు నుంచి వచ్చే ఫినాల్ దారిలో తర్వాత అది పరిశ్రమ సరుకైంది. కూమరిన్‌ను, వనిల్లిన్‌ను నమ్ముకుని గెర్లాన్ ఇంటివాళ్ళు ‘జికీ’ అనే పరిమళాన్ని 1889లో తెచ్చారు. ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైన సంవత్సరం కూడా అదే. లర్ బ్లూ ఆ జికీ వంశంలోదే. దాని చివరి మెత్తదనం పూలతోటలో మాత్రమే పుట్టలేదు, అందులో బొగ్గు రసాయనశాస్త్రం చలవ కొంత ఉంది. తీపి మాటున దాన్ని దాచేయడం ఆ పరిమళం నేర్పు, నా దృష్టిలో దాని లోపం కూడా. మిట్టీ తన నిప్పును దాచదు.

అయితే మిట్టీకీ ఒక లోటుంది. గోదావరిఖనిలో పగటినిద్రకు ముందు స్నానం ఉంటుంది. పాతతరానికి ఆ స్నానం అంటే ఎర్ర లైఫ్‌బాయ్. దాని కార్బాలిక్ వాసన కూడా తారు సంతానమే, ఫినాల్ కుటుంబంది. బొగ్గుమసి వదిలించుకోవడానికి బొగ్గు బిడ్డనే ఒంటికి రుద్దుకున్నారు. తలకు కొబ్బరినూనె, ఉతికిన లుంగీ, మెడ మడతలో ఎంత తోమినా పోని మసి, వీటన్నిటి మీదుగా ఆ ఘాటైన శుభ్రత. మంచం మీద వాలిన తండ్రి పక్కన పడుకున్న పిల్లలకు నిద్ర వాసన అంటే అదే. లర్ బ్లూలో లవంగపు ఘాటు ఆ దరిదాపుల్లోకి వస్తుంది. లవంగంలోని యూజినాల్ కూడా ఫినాల్ జాతిదే కాబట్టి ముక్కు ఒక్క క్షణం మోసపోతుంది. మిట్టీలో అటువంటిదేమీ లేదు. మట్టి ఉంది, గంధం ఉంది, కడుక్కున్న మనిషి లేడు. ఎవరైనా ఈ ప్రాంతం మీద ప్రేమతో ఒక పరిమళం చేయబోతే నేను కోరేది ఇదే. మిట్టీని అడుగున ఉంచి, దాని మీద పల్చగా తారు ఘాటు, బాయిలో చల్లే సున్నపురాతి పొడి చప్పదనం, కొబ్బరినూనె కలపాలి. పూలు వద్దు. వనిల్లా అసలే వద్దు.

అది వచ్చేదాకా నేను మిట్టీ వైపు. నిర్మాణంలో లర్ బ్లూ గొప్పది, అందులో వాదం లేదు. కాని ఆ నిర్మాణం చెప్పే కథ సాయంత్రానిది, ఈ నేల మీది మగత పగటిది. నా ఓటు మాత్రం గంధం నూనెలో దించిన మిట్టీకే. గంధం ధర ఆకాశానికంటాక చాలామంది అత్తరును లిక్విడ్ పారాఫిన్‌లో దించుతున్నారు. అందులో మట్టి కాసేపు పలకరించి వెళ్ళిపోతుంది, వెనక నిలబెట్టే ఆధారం ఉండదు. చార్మినార్ గల్లీల్లో కొన్నా, రంజాన్ నెలలో మసీదు దగ్గర బండి మీద కొన్నా, సీసా తెరిచినప్పటి వాసనను బట్టి బేరం చేయవద్దు. ఒక చుక్క మణికట్టుకు రాయించుకుని ఇంటికి పోవాలి. మర్నాడు పొద్దున అక్కడ గంధం మిగిలి ఉంటేనే తిరిగొచ్చి డబ్బు కట్టాలి.