అంచు గీత వెంట బ్రయన్ తోఓ

రగ్బీ లీగ్‌లో, అంటే జట్టుకు 13 మంది ఆడే రగ్బీలో, మైదానపు అంచు గీతను ఆనుకుని ఆడే వింగర్‌ను చివరి పరుగుతో పాయింట్లు తెచ్చేవాడిగానే చూడడం పరిపాటి అయినా, సిడ్నీకి చెందిన సమోవా సంతతి ఆటగాడు బ్రయన్ తోఓ గొప్పతనం అంతకన్నా కష్టమైన, అంతగా కంటబడని పనిలో ఉంది. బంతి దక్కిన జట్టు, ప్రత్యర్థులు ఆరుసార్లు పట్టి నిలువరించేలోపు, అంటే ఆరు ట్యాకిల్స్‌లోపు, దాన్ని వీలైనంత ముందుకు చేర్చాలి. ప్రత్యర్థి బంతిని దూరంగా తన్నినప్పుడు, బరువైన ముందువరుస ఆటగాళ్లు ఇంకా వెనక్కి చేరుకోకముందే, తోఓ దాన్ని పొట్టకు అదుముకుని, నడుము వంచి, ఎదురొచ్చే భారీకాయుల మధ్యకు దూసుకెళ్లి, పట్టుబడ్డాక కూడా కాళ్లు ఆడిస్తూనే మరికొన్ని అడుగులు సంపాదిస్తాడు. స్కోరుబోర్డుకెక్కని ఆ అడుగులే తర్వాతి ఎత్తుగడకు చోటిస్తాయి, అయినా వాటికి దక్కుతున్న మెప్పు చాలా తక్కువ.

2019లో పెన్రిత్ పాంథర్స్ క్లబ్ తరఫున అరంగేట్రం చేసిన తోఓ, 2021 నుంచి 2024 వరకు ఆ జట్టు జాతీయ లీగ్‌లో వరుసగా గెలిచిన 4 టైటిళ్లకు ఒక ప్రధాన ఆధారం. 2022లో జరిగిన ప్రపంచ కప్‌లో అతడు ఆస్ట్రేలియాను కాదని పూర్వీకుల దేశమైన సమోవాను ఎంచుకోగా, ఆ చిన్న ద్వీపదేశం సెమీఫైనల్‌లో ఇంగ్లండ్‌ను 27-26తో ఓడించి తొలిసారి ఫైనల్ చేరింది.