మూడు అంకెలు, ఒక ‘మేరకు’

ఢిల్లీ బజార్లో ఎక్కడైనా నిప్పంటుకుంటే రెండు రకాల బండ్లు వస్తాయి. ఎర్ర బండి ఫైర్ సర్వీసుది, జనాన్ని పక్కకు జరిపి దానికి దారి చేసేది పోలీసుల పీసీఆర్ వ్యాను. మంటలార్పేవాళ్లు ఢిల్లీ ఓటరు ఎన్నుకున్న ప్రభుత్వం కింద పనిచేస్తారు. పోలీసులు లెఫ్టినెంట్ గవర్నర్ మీదుగా కేంద్ర హోం శాఖకు జవాబు చెబుతారు. ఢిల్లీ ప్రభుత్వంలోనూ హోం శాఖ ఉంది. తీహార్ జైలు ఉంది, ఫైరింజన్లున్నాయి, కానిస్టేబుల్ మాత్రం ఒక్కడూ లేడు!

ఈ పంపకమంతా ఒక్క వాక్యం పని. రాజ్యాంగం 239ఏఏ అధికరణ మూడో క్లాజులో మొదటి ఉపక్లాజు అది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, 1991 డిసెంబరులో వచ్చిన 69వ సవరణతో చేరింది. 1992 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. పంపకం న్యాయమా కాదా అన్నది తర్వాతి మాట. ముసాయిదా రాసిన చేతిని మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను.

రాష్ట్ర జాబితాలోనూ ఉమ్మడి జాబితాలోనూ కేంద్రపాలిత ప్రాంతానికి వర్తించే విషయాలన్నిటిమీదా ఢిల్లీ అసెంబ్లీ చట్టాలు చేయవచ్చు అంటూ వాక్యం ఉదారంగా మొదలవుతుంది. ఆ వెంటనే రాష్ట్ర జాబితా ఎంట్రీల్లోంచి మూడు అంకెలు తీసేస్తుంది: 1, 2, 18. శాంతిభద్రతలు, పోలీసు, భూమి. మామూలు గుమాస్తా అయితే అక్కడితో కలం మూసేవాడు. ఈయన మూయలేదు. పోలీసు మీద చట్టం చేయలేని సభ, పోలీసు విషయంలో కొత్త నేరాన్ని సృష్టిస్తే? భూమి మీద హక్కు లేకపోయినా దాని పేరిట ఫీజు వేస్తే? అందుకే నేరాల ఎంట్రీ 64, కోర్టుల అధికార పరిధి 65, ఫీజుల 66 కూడా పట్టుకున్నాడు. ముందు గుమ్మానికి తాళం వేసి, పెరటి తలుపు గడియ కూడా చూసుకున్నాడన్నమాట.

అసలు పనితనం ఆ తర్వాతి మాటలో ఉంది. 64, 65, 66లను మొత్తంగా తీసేయలేదు. ‘ఆ మూడింటికి సంబంధించినంత మేరకు’ అన్నాడు. ఆ ‘మేరకు’ లేకపోతే రాష్ట్ర జాబితా విషయాల మీద చేసే ఏ చట్టంలోనూ ఢిల్లీ అసెంబ్లీ శిక్ష రాసుకోలేకపోయేది. 2007లో అదే సభ ఢిల్లీ ఫైర్ సర్వీస్ చట్టం చేసి, అగ్నిభద్రతా నిబంధనలు మీరితే శిక్షలు పెట్టగలిగిందంటే ఆ ఒక్క మాట చలవే.

పద్ధతి ఈయన కనిపెట్టింది కాదు. 1951 నాటి ‘సి’ తరగతి రాష్ట్రాల చట్టం కూడా ఢిల్లీ సభకు పోలీసును దూరంగా ఉంచి, దానికి తోడుగా నేరాలు, కోర్టులు, ఫీజులను అక్షరాల్లో రాసుకుంటూ పోయింది. 1991 వాళ్లు దాన్ని అంకెల్లోకి కుదించారు.

బిగువు ఎంతో కోర్టులో తేలింది. 2018 జులై 4న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ మూడూ పోగా మిగిలిన వాటిమీద కార్యనిర్వాహక అధికారం ఎన్నికైన ప్రభుత్వానిదేనంది. 2023 మే 11న ఉద్యోగుల సర్వీసుల మీద కూడా, ఆ మూడు విషయాలవి మినహాయించి, అదే చెప్పింది. వాక్యంలో లేని నాలుగో మినహాయింపును చొప్పించనివ్వలేదు. అయితే పక్కనే ఉన్న ఉపక్లాజు ఏ విషయం మీదైనా చట్టం చేసే హక్కును పార్లమెంటుకు అట్టే పెట్టింది. ఆ ఏడాది ఆగస్టులోనే పార్లమెంటు సర్వీసుల మీద చట్టం చేసింది. అది కూడా ఆ ముసాయిదాలోని తలుపే, అందరూ చూస్తుండగా పెట్టిందే.

ఒక చిక్కు మాత్రం కలం తీర్చలేదు. సరిహద్దు దాటి నోయిడాలో అడుగుపెడితే పోలీసు లక్నోకు, గురుగ్రామ్‌లో అయితే చండీగఢ్‌కు జవాబు చెబుతాడు. రెండుచోట్లా అసెంబ్లీకి ఎన్నికైన మంత్రులే పైన ఉంటారు. మధ్యలో ఉన్న ఢిల్లీవాడు తన స్టేషను గురించి అడగాలంటే 70 మంది ఎమ్మెల్యేల్లో ఎవరూ పనికిరారు. లోక్‌సభలోని ఏడుగురు ఎంపీల్లో తన ఎంపీని పట్టుకోవాలి.