నూనూగు మీసాల మీద ఎవరి పెత్తనం?

తెలుగులో నూనూగు మీసాలంత ముద్దయిన మాట ఇంకోటి ఉందో లేదో. పదిహేనేళ్ల పిల్లాడి పైపెదవి మీద మొలిచిన ఆ కాస్త నలుపును చూసి తల్లులు మురుస్తారు, మేనమామలు ఆటపట్టిస్తారు. ఆ వయసులో ప్రతి పిల్లాడూ అద్దం ముందు ఎక్కువసేపే నిలబడతాడు. గీయాలా, ఉంచాలా, ఏ హీరోలా దిద్దించుకోవాలా అన్నదే వాడి లెక్క.

మా ఇళ్లల్లో పిల్లాడూ అదే అద్దం ముందు నిలబడతాడు. వాడి వెనక మాత్రం చాలామంది నిలబడి ఉంటారు. మసీదు పెద్దమనిషి, కాలేజీ ప్రిన్సిపాల్, చెకింగ్‌లో నిలబడ్డ పోలీసు, ఇల్లు అద్దెకిచ్చే ఆసామి, రేపు సంబంధం మాట్లాడటానికొచ్చే పిల్ల తండ్రి. వీళ్లందరికీ నచ్చే మొహం ఏదైనా ఉందా? ఉంటే చూపించమని మేం అడుగుతున్నాం. లేకపోతే, ఆ మొహం మీద ఇంతమందికి పెత్తనం ఎవరిచ్చారని అడుగుతున్నాం.

ముందు భాష సంగతి చూద్దాం. తెలుగు మగతనమంతా మీసంలో ఉంది. పౌరుషం వస్తే మీసం మెలేస్తారు, పందెం కాస్తే మీసం తీయించుకుంటానంటారు, గెలిస్తే మీసం తిప్పుతారు. గడ్డానికి ఆ భాగ్యం లేదు. గడ్డం అన్న మాటే చుబుకానికీ, దాని మీది వెంట్రుకలకీ ఉమ్మడిగా వాడతారు. గడ్డం పట్టుకుని బతిమాలతారు. గడ్డం పెరిగిందంటే ప్రేమ విఫలమైందంటారు, జబ్బు చేసిందంటారు, సన్యాసంలో కలిశాడంటారు. ఈ భాషలో మీసం గెలిచినవాడిది, గడ్డం ఓడినవాడిది.

మా సంప్రదాయం దీనికి తిరగేసి ఉంది. మీసం కత్తిరించండి, గడ్డం వదలండి అన్న అర్థం వచ్చే హదీసులు మసీదులో వింటూనే మా పిల్లలు పెరుగుతారు. బడిలో ఒక మగతనం, మసీదులో ఒక మగతనం. రెండూ ఒకే పెదవి దగ్గర తగువు పడతాయి. ఆ పెదవి పదిహేనేళ్ల పిల్లాడిది.

మేమంతా ఒకే అచ్చులో పోసిన వాళ్లమని అనుకునేవాళ్లకి ఇంకో మాట చెప్పాలి. పల్లెల్లో దూదేకుల తాతల మొహాలు చూడండి. పక్కింటి రైతుకి ఎలాంటి మీసముందో వాళ్లకీ అలాంటి మీసమే. నాయనా, జేజీ అని పిలుచుకునే ఇళ్లవి. పట్నంలో షేర్వానీ వేసిన పాత ఖాందాన్ల ఫొటోలు చూస్తే, సన్నగా దిద్దిన మీసాలు, నున్నటి చెంపలు ఎన్నో కనిపిస్తాయి. హైదరాబాదును ఏలిన ఏడో నిజాముకున్నది మీసమే. ముస్లిం మొహం అని ఒకటి ముందే గీసిపెట్టి ఉందన్న నమ్మకాన్ని మా ఇళ్ల గోడల మీది ఫొటోలే కొట్టిపారేస్తాయి.

అయినా ఇవాళ మా పిల్లాడు ఏ మొహం పెట్టుకున్నా దానికో అర్థం అంటగట్టే వాళ్లున్నారు. నున్నగా గీస్తే బయటివాళ్లు ‘నిన్ను చూస్తే ముస్లిమనుకోలేదు తెలుసా’ అంటారు. మెచ్చుకున్నామనే అనుకుంటారు. ఆ మెప్పులో ఎంత తిట్టుందో వినేవాడికి తెలుసు. అదే మొహంతో మసీదుకెళితే ‘ఏం మియా, మూతి నున్నగా పెట్టుకుని ముందు సఫ్‌లోకొస్తున్నావ్?’ అని ఒక పెద్దాయన చురక. మీసం మాత్రం ఉంచితే ‘వీడు అటు కలిసిపోయాడు’. మీసం తీసి గడ్డం ఉంచితే క్లాసులో ‘ఏం సాయిబూ, ఎందులోనన్నా చేరావా?’ అని నవ్వు. అడిగినవాడు దోస్తే. తమాషాకే అన్నాడు. కానీ ఆ తమాషా వెనకున్న భయం తమాషాగా పుట్టింది కాదు.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది మావాళ్లు. ఆ తర్వాత విచారణ పేరుతో పోలీసులు పట్టుకెళ్లిందీ పాతబస్తీ కుర్రాళ్లనే. వాళ్లలో అనేకమంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. వయసులో కొడుకున్న ఇళ్లల్లో ఆ రోజుల నుంచీ ఒక మాట మిగిలిపోయింది. ‘బేటా, గడ్డం తీసెయ్‌రా, పరీక్షలైపోయాక పెంచుకో’ అని అమ్మీలు బతిమాలడం మా వీధుల్లో మేం విన్నాం. నమాజు తప్పని తల్లులే ఆ మాటన్నారు. కొడుకు మొహం మీద వాళ్లకి సున్నత్ కనపడాల్సిన చోట లాఠీ కనపడింది.

ఇక సినిమా. తెలుగు పిల్లాడి మొహాన్ని దిద్దేది మంగలి ఒక్కడే కాదు, సినిమా కూడా. 2002లో వచ్చిన ‘ఖడ్గం’ చూడండి. ప్రకాశ్‌రాజ్ వేసిన ఆటోడ్రైవర్ అంజద్ మంచి ముస్లిం. తమ్ముడు ఉగ్రవాది. అన్న దేశభక్తి రుజువు కావాలంటే తమ్ముడి ద్రోహం పక్కన నిలబడాలి. సినిమా చూసి హాల్లోంచి బయటికొచ్చిన మిగతా పిల్లలు హీరో అవుతామనుకుంటూ వచ్చారు. మా పిల్లాడు మాత్రం ఈ ఇద్దరు అన్నదమ్ముల్లో నువ్వెవరంటూ ఎవరైనా అడుగుతారేమోనని చూసుకుంటూ వచ్చాడు.

ఆ తర్వాత పదిహేనేళ్లకి గడ్డం దశ తిరిగింది. 2017లో ‘అర్జున్ రెడ్డి’, 2018లో ‘రంగస్థలం’, 2021లో ‘పుష్ప’. గడ్డం లేని హీరో తక్కువైపోయాడు. గడ్డం కింద చెయ్యి రాసి తల ఎగరేసే పుష్పరాజు సైగను ఊరూరా పిల్లలు అనుకరించారు. మావాళ్లూ అనుకరించారు, ఎందుకు అనుకరించరు? సెలూన్లో కుర్చీ ఎక్కి ఫోన్లో బొమ్మ చూపించి అలాగే దిద్దమని అడిగారు. ఒకే కుర్చీ, ఒకే మిషను, ఒకే కొలత. కుర్చీ దిగాక పక్కవాడిది స్టయిల్ అయింది, మావాడిది మతమైంది. వెంట్రుకల్లో తేడా లేదు. ఆ వెంట్రుకల కింద ఉన్న పేరులో ఉంది తేడా.

ఇక్కడ అయ్యప్ప దీక్ష మాట ఎత్తకుండా ఉండలేం. నలభై ఒక్క రోజులు గడ్డం గీయకుండా, నల్లబట్టలతో ఆఫీసుకీ కాలేజీకీ వచ్చేవాళ్లని మనమంతా ‘స్వామీ’ అనే పిలుస్తాం. మేమూ అలాగే పిలుస్తాం. వాళ్ల నిష్ఠ మీద మాకు గౌరవమే తప్ప కోపం లేదు. ఆ గడ్డాన్ని చూసి ఎవరూ ఎందులో చేరావని అడగరు. అడక్కూడదు కూడా. ఆ మర్యాదే మా పిల్లాడికీ ఇవ్వమంటున్నాం. పక్కవాడిది తీసి మాకు పెట్టమనడం లేదు.

న్యాయస్థానాల దగ్గరికి పోదాం. మధ్యప్రదేశ్‌లో ఒక కాన్వెంటు విద్యార్థి గడ్డంతో బడికొస్తానని పోరాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2009 మార్చిలో అతని పిటిషన్ కొట్టేస్తూ జస్టిస్ మార్కండేయ కట్జూ తాలిబన్ల ప్రస్తావన తెచ్చారు. ఆ జూలైలో ఆ మాటకు విచారం తెలిపారు, ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఆ కుర్రాడికి అదే కోర్టులో ఊరట దొరికింది. అది మెచ్చుకోవలసిన సంగతే. అయితే బడికెళ్లే పిల్లాడి గడ్డం చూడగానే దేశంలోని అత్యున్నత న్యాయస్థానంలో మొదట నోటికొచ్చిన మాట ఏమిటో చరిత్రలో అలాగే ఉండిపోయింది.

2016 డిసెంబరు 15 నాటి తీర్పు ఇంకా లోతుగా ఆలోచించాల్సింది. గడ్డం పెంచుకుంటానన్న వైమానిక దళ ఉద్యోగి కేసది. 1964 నాటి సాయుధ దళాల నిబంధనల్లో 425వది ఒక మినహాయింపు ఇస్తోంది. జుట్టు కత్తిరించడాన్ని, గడ్డం గీయడాన్ని మతమే నిషేధించిన వాళ్లకి ఆ మినహాయింపు. ఇస్లాంలో అలాంటి నిషేధముందా అని కోర్టు అడిగింది. భిన్నాభిప్రాయాలున్నాయనీ, గడ్డం ఉంచడం మంచిదన్నది వాటిలో ఒకటనీ పిటిషనర్ తరఫు న్యాయవాది ఉన్నమాట చెప్పారు. అతను ఓడిపోయాడు. సైన్యానికి దాని క్రమశిక్షణ దానికుంటుంది, బడినీ బారక్‌నీ ఒకే గాటన కట్టలేం. మేం చూస్తున్నది ఆ తర్కాన్ని. మతం నిన్ను కట్టిపడేసిందని చెబితే నీకు చోటుంది. నా మతం నాకు ఎంచుకునే వీలిచ్చింది, నేను ఎంచుకున్నానని చెబితే చోటు లేదు.

ఈ తర్కం ఎవరికి బలమిస్తుంది? గడ్డం తప్పనిసరి, లేనివాడు సగం ముస్లిమని చెప్పే మా లోపలి పెద్దలకే బలమిస్తుంది. బయట చట్టం ‘తప్పనిసరో కాదో తేల్చు’ అంటుంది. లోపల జమాత్ ‘తప్పనిసరే’ అంటుంది. ఇద్దరి మధ్యా ‘నా ఇష్టం’ అనే చిన్నమాట నలిగిపోతుంది. పదహారేళ్ల పిల్లాడికి రావలసిన మొదటి మాటే అది.

లోపలివాళ్లతోనూ గట్టిగానే మాట్లాడాలి. ఖురాన్లో గడ్డం పెంచమన్న ఆజ్ఞ లేదు. గడ్డం ప్రస్తావన వచ్చేది సూరా తాహా 94వ ఆయతులో. హారూన్ తన సోదరుడు మూసాతో తన గడ్డం, తల పట్టుకోవద్దని అనే సందర్భమది. మిగతాదంతా హదీసుల మీద, వాటికి ఉలమాలు చెప్పిన భాష్యాల మీద నిలబడింది. హనఫీ పండితులు పిడికెడు గడ్డం ఉండాలంటారు. షాఫియీల్లో చాలామంది గీయడాన్ని హరామనకుండా మక్రూహ్, అంటే ఇష్టం కాని పని అన్నంతవరకే ఆగారు. ఇంత చర్చ చేసిన సంప్రదాయాన్ని మా మొహల్లాల్లో ఒక్క చురక స్థాయికి దించేశారు. ప్రేమతో గడ్డం పెంచుకున్నవాణ్ణి మేం గౌరవిస్తాం. అతని గడ్డాన్ని కర్ర చేసి పక్కపిల్లాణ్ణి కొట్టేవాళ్లనే నిలదీస్తున్నాం.

గడ్డంతో మనిషిని కొలిచేవాళ్లు, లోపలివాళ్లయినా బయటివాళ్లయినా, చరిత్రలో ఒక్క పేజీ తిప్పితే చాలు. పాకిస్తాన్ కావాలన్న జిన్నాకి గడ్డం లేదు, మీసం లేదు. పాకిస్తాన్ వద్దన్న మౌలానా ఆజాద్‌కి గడ్డం ఉంది. దేశవిభజన గుర్తొచ్చినప్పుడల్లా గడ్డం వైపు చూసేవాళ్లు ఈ ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకో మొహం కూడా ఈ కథలో ఉంది. అది కత్తి పట్టినవాడిది. మా పిల్లల గడ్డాలు దిద్దే చేతుల్లో మావాళ్ల చేతులూ ఉన్నాయి. హజ్జాం, నాయి, నావిద్ అని వాళ్లకి పేర్లు. ముస్లింలలో కులాల్లేవని పైకి చెప్పుకునే చోటే, 2007లో ఆంధ్రప్రదేశ్ చేసిన నాలుగు శాతం రిజర్వేషన్ల చట్టం బీసీ–ఇ జాబితాలో వాళ్ల పేరు చేర్చాల్సి వచ్చింది. గడ్డం గొప్పదనం మీద గంటసేపు బయాన్ ఇచ్చే పెద్దలు, ఆ గడ్డాన్ని శ్రద్ధగా దిద్దే హజ్జాం ఇంటితో వియ్యమందుతారా? సున్నత్‌ను చెంప మీదే వెతికేవాళ్లకి ఈ ప్రశ్న రుచించదు.

సాహిత్యంలో వీడెక్కడున్నాడు? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’తో ముస్లిం ఒంటి మీది గుర్తు తెలుగు కవిత్వంలో గట్టిగా మాట్లాడింది. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది. 2004లో ‘వతన్’ కథల్ని ఒకచోట చేర్చింది. 2005లో షాజహానా ‘నఖాబ్’తో, మొహం మీది గుడ్డ గురించి ఆడవాళ్లే మాట్లాడాలని తేలిపోయింది. తమ ఒంటి మీద ఇంటి పెత్తనాన్నీ బయటి పెత్తనాన్నీ ఒకేసారి ప్రశ్నించడం మన రచయిత్రులు నేర్పిన విద్య. ఆ విద్య మగపిల్లాడి మొహం దగ్గరికి ఇంకా చేరాల్సినంత చేరలేదు. మన కథల్లో గడ్డం సాధారణంగా తాతది, లేకపోతే అనుమానితుడిది. మొదటిసారి బ్లేడు పట్టుకుని చెంప కోసుకున్న కుర్రాడిది, ఒక వైపు ఒత్తుగా ఇంకోవైపు పలచగా మొలిచిందని బెంగపడే కుర్రాడిది, ఫొటో దిగడానికి ముందు దువ్వుకునే కుర్రాడిది ఎప్పుడొస్తుంది? అనుమానానికి జవాబుగా వాణ్ణి రాసినంతకాలం కథలోనూ వాడు ముద్దాయే. వాడి సరదాని, సిగ్గుని, అందంగా కనపడాలన్న కోరికని రాసినప్పుడే వాడు పిల్లాడవుతాడు.

లౌకికవాద మిత్రులతో ఒక మాట. గడ్డం తీసిన ముస్లిమే అభ్యుదయవాదని మీలో కొందరి లెక్క. మార్క్సు గడ్డంలో విప్లవం చూసి, మా పిల్లాడి గడ్డంలో ఛాందసం చూసే ఆ కళ్లజోడు ఒకసారి తీసి తుడుచుకోండి. మతాన్ని విమర్శించండి, మేమూ విమర్శిస్తున్నాం. వాడి ఆలోచన తెలుసుకోవాలంటే వాడితో మాట్లాడండి. చెంపలు చూసి తేల్చకండి.

మా పిల్లలకి మేం చెప్పేదీ ఉంది. పెంచుకుంటే పెంచుకోండి. గీసుకుంటే గీసుకోండి. ఈ నెల ఫ్రెంచి గడ్డం పెట్టి వచ్చే నెల తీసేయండి. దీన్‌ మీద ప్రేమతో పెంచినా, పుష్పరాజు మీద సరదాతో పెంచినా, బద్ధకంతో వదిలేసినా ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి. పోలీసుకీ ఇవ్వకండి, పెద్దాయనకీ ఇవ్వకండి, మాకూ ఇవ్వకండి. ఈ దేశంలో మిగతా పిల్లలు అద్దం ముందు ఎంత తేలిగ్గా నిలబడతారో మీరూ అంత తేలిగ్గా నిలబడే రోజు రావాలి. ఆ రోజు రావడానికి మీరు మారాల్సింది ఏమీ లేదు. మీ వెనక నిలబడి చూస్తున్నవాళ్లు పక్కకి జరగాలి.